వేగమెంత, విలువ యెంత? - 6502, జెడ్-80 ప్రాసెసర్ల చరిత్ర

సిద్దిపేట జిల్లా ములుగునందు శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయమును, అటవీ కళాశాలయు నెలకొనియున్నవి. తోటలు పెంచువారికిని, అడవులను పరిశీలించువారికిని నేడు కంప్యూటరు అవసరమే. అయినను ఆ అవసరములు ఒక్కతీరువి కావు. మొక్క మొదట మట్టిలోని తేమను పది నిమిషముల కొకసారి కొలిచి, తేమ తగ్గినపుడు బిందుసేద్యపు గొట్టములోనికి నీరు వదలుటకు ఎనిమిది బిట్ల చిన్న చిప్పు చాలును. ఉపగ్రహ చిత్రములోని కోట్లకొలది చుక్కలను పరిశీలించి, ఏ గుట్టపై అడవి పలుచబడినదో తేల్చుటకు అట్టి చిప్పు ఎంతమాత్రము చాలదు. పెద్ద ప్రాసెసరును మొక్క మొదట పెట్టినచో డబ్బు దండుగ. చిన్నదానిని ఉపగ్రహ చిత్రమునకు పెట్టినచో కాలము దండుగ.

రెండు ప్రాసెసర్లలో ఏది మేలైనదని విచారించువారు సాధారణముగా రెండు సంఖ్యలను చూచుదురు. ఒకటి గడియారపు వేగము, రెండవది ధర. ఈ రెండు సంఖ్యలే చాలునా? 1975 మొదలు ఇంచుమించు పది సంవత్సరములపాటు రెండు చిన్న చిప్పుల విషయమున ఈ ప్రశ్న పలుదేశములలో తలయెత్తెను. ఆ చిప్పులలో ఒకటి 6502, రెండవది జెడ్-80. వాని చరిత్ర తెలిసినచో, పాఠశాలకు కంప్యూటరు కొనువారికి నేటికిని పనికివచ్చు ఒక లెక్క తెలియగలదు.

అల్మారా నుండి చిప్పునకు

కంప్యూటరులో ఆజ్ఞలను వరుసగా చదివి, వాని ప్రకారము కూడికలు, పోలికలు చేయు భాగమే ప్రాసెసరు. అది మొదటినుండియు చిప్పు కాదు. తెలుగునేలపై కంప్యూటర్లను తయారుచేసిన ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1967లో హైదరాబాదున ఏర్పడెను. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు దానికి తొలి సారథి. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఈ సంస్థ తయారుచేసెను. ఆ పేరులోని 12 అను సంఖ్య యంత్రము ఒక్కసారి చేపట్టగల బిట్ల లెక్క. 1970ల నడుమ వచ్చిన టి.డి.సి.-316 పదునారు బిట్ల యంత్రము. 12 బిట్లతో 4,096 వేర్వేరు సంఖ్యలను, 16 బిట్లతో 65,536 సంఖ్యలను గుర్తింపవచ్చును. ఆ కాలపు యంత్రములందు ప్రాసెసరనగా అల్మారాలో వరుసగా అమర్చిన సర్క్యూటు పలకల సమూహము.

ఆ పలకల పనిని ఒక్క సిలికాన్ ముక్కపై ఇముడ్చుట 1971లో సాధ్యమయ్యెను. ఆ సంవత్సరము నవంబరు నెలలో అమెరికాలోని ఇంటెల్ సంస్థ 4004 అను చిప్పును ప్రకటించెను. అందు సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. అది ఒక్కసారి నాలుగు బిట్లను మాత్రమే చేపట్టగలదు. 1974లో అదే సంస్థ ఎనిమిది బిట్ల 8080ని, మోటరోలా సంస్థ 6800ను వెలువరించెను. తెలుగునాట పాలిటెక్నిక్కులలోను, ఇంజనీరింగు కళాశాలలలోను చిరకాలము పాఠ్యాంశముగానున్న 8085 ఈ 8080 వంశములోనిదే. అయితే 8080 చిప్పు ఒక్కటి విడిగా కొన్నచో వెల 360 డాలర్లు. ఒక చిన్న పరికరములో అమర్చుటకు అది మోయరాని భారము.

జొన్నరొట్టె లెక్క

మోటరోలాలో పనిచేయుచుండిన చక్ పెడిల్ అను ఇంజనీరు 6800ను కొనదగినవారి వద్దకు వెళ్లి మాటలాడెను. వారందరును చిప్పును మెచ్చుకొనిరి. ధర వినగానే వెనుకకు తగ్గిరి. పెడిల్ తన సహచరులు కొందరితో మోటరోలాను వీడి, మాస్ టెక్నాలజీ అను చిన్న సంస్థలో చేరెను. అచట వారు రూపొందించినదే 6502. 1975 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎలెక్ట్రానిక్స్ ప్రదర్శనకు వారు దానిని తెచ్చిరి. ప్రదర్శనశాలలో అమ్మకము కూడదనుటచే, సమీపపు హోటలులో గది తీసికొని, గాజు జాడీ నిండ చిప్పులు పోసి, ఒక్కొక్కటి 25 డాలర్ల చొప్పున అమ్మిరి. 360 ఎక్కడ, 25 ఎక్కడ! కొందరు దీనిని మోసమని శంకించిరి. కాని చిప్పు నిజమైనదే, పనిచేయునదే.

ఇంత చౌకగా అమ్ముట ఎట్లు సాధ్యమయ్యెను? చిప్పులను ఒక్కొక్కటిగా తయారుచేయరు. ఒక గుండ్రని సిలికాన్ పలకపై వందలకొలది చిప్పులను ఒకేసారి ముద్రించి, తరువాత కోసి వేరుచేయుదురు. పలకపై అక్కడక్కడ లోపములు తప్పవు. పెనముమీద జొన్నరొట్టె పది చోట్ల మాడినదనుకొనుడు. దానిని నాలుగు పెద్ద ముక్కలు చేసినచో ప్రతి ముక్కలోను మాడిన మచ్చ ఉండును. అదే రొట్టెను వంద చిన్న ముక్కలు చేసినచో పది మాత్రమే చెడును, తొంబది మిగులును. చిప్పు ఎంత చిన్నదైన, మంచి చిప్పులు అంత ఎక్కువగా దక్కును. 6502లో ట్రాన్సిస్టర్లు సుమారు 3,500 మాత్రమే. తప్పనిసరి కాని భాగములను రూపకర్తలు నిర్దయగా తొలగించిరి. మరియు ముద్రణకు వాడు మాస్కులలోని తప్పులను దిద్దుకొను నేర్పు ఆ సంస్థకు కలదు. కావున పలకకు దక్కు మంచి చిప్పుల సంఖ్య మరింత పెరిగెను. కొద్దికాలములోనే తక్కిన సంస్థలు కూడ తమ ధరలను గట్టిగా తగ్గింపవలసివచ్చెను.

ఇదే సమయమున ఇంటెల్‌లో 4004, 8080 చిప్పుల నిర్మాణమునకు మూలస్తంభమైన ఫెడెరికో ఫాజిన్ ఆ సంస్థను విడిచి జైలాగ్ అను సంస్థను స్థాపించెను. జపానుకు చెందిన మసతోషి షిమా అచటను ఆయనకు తోడుగా పనిచేసెను. వారి జెడ్-80 చిప్పు 1976లో వెలువడెను. అందు సుమారు 8,500 ట్రాన్సిస్టర్లు కలవు. 8080కి మూడు వేర్వేరు వోల్టేజీలు కావలసియుండగా, దీనికి 5 వోల్టులొక్కటే చాలును. మెమరీ చిప్పులలోని సమాచారము చెరిగిపోకుండ మాటిమాటికి తాజా పరచు ఏర్పాటులో కొంత భాగము దీనిలోనే ఇమిడియున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది, 8080 కొరకు వ్రాసిన ప్రోగ్రాములు దీనిపైన మార్పు లేకుండ నడచును.

ఒకే కాలమున పుట్టిన ఈ రెండు చిప్పులును రెండు భిన్నమైన ఆలోచనల ఫలితములు. 6502లో సంఖ్యలను చేతికందుబాటులో ఉంచుకొను రిజిస్టర్లు మూడే. లోటు తీర్చుటకు మెమరీలోని మొదటి 256 స్థానములను త్వరగా చేరు సదుపాయము కల్పింపబడెను. జెడ్-80లో రిజిస్టర్లు అనేకము. అందు ముఖ్యమైనవానికి రెండవ జత కూడ కలదు. ఒకటి చిన్న సంచితో మాటిమాటికి ఇంటికి పోయివచ్చు కూలి. మరియొకటి పనిముట్లన్నియు గంపలో పెట్టుకొని వచ్చిన కూలి.

గడియారము చెప్పనిది

1980ల ఆరంభమున ఈ రెండు చిప్పులతో ఇంగ్లండులో రెండు ప్రసిద్ధ గృహ కంప్యూటర్లు వెలువడెను. ఏకార్న్ సంస్థ 1981 చివర విడుదల చేసిన బీబీసీ మైక్రోలో 6502 చిప్పు 2 మెగాహెర్ట్జ్ గడియారముతో పనిచేసెను. సింక్లెయిర్ సంస్థ 1982 ఏప్రిలులో తెచ్చిన స్పెక్ట్రమ్‌లో జెడ్-80 చిప్పు 3.5 మెగాహెర్ట్జ్ గడియారముతో నడచెను. సంఖ్యలను మాత్రమే చూచినచో స్పెక్ట్రమ్ ఇంచుమించు ఒకటిముప్పాతిక రెట్లు వేగమైనదని తోచును. ఇది నిజమా?

మెగాహెర్ట్జ్ అనగా సెకనుకు పది లక్షల గడియారపు స్పందనములు. స్పందనము పని కాదు. పనిలో ఒక అడుగు మాత్రమే. నడక వేగము తెలియవలెనన్న నిమిషమునకు ఎన్ని అడుగులు వేయుచున్నాడో తెలిసిన చాలదు. అడుగు ఎంత పొడవో కూడ తెలియవలెను. 6502 ఒక్కొక్క స్పందనములో మెమరీని ఒకసారి అందుకొనును. జెడ్-80కి అదే పనికి సాధారణముగా మూడు లేక నాలుగు స్పందనములు పట్టును. కావున ఒక పనికి పట్టు కాలము తెలియుటకు మూడు రాశులను గుణింపవలెను: ఆ పనికి కావలసిన ఆజ్ఞల సంఖ్య, ఒక్కొక్క ఆజ్ఞకు సగటున పట్టు స్పందనములు, ఒక్కొక్క స్పందనపు కాలము. వెలపట్టికలో కనిపించునది వీనిలో చివరిది మాత్రమే.

పై రెండు యంత్రముల గడియారములతో ఈ లెక్కను చేసి చూడవచ్చును. మెమరీలో ఏదేని ఒక చోటనున్న బైటును ప్రాసెసరులోనికి తెచ్చుటకు 6502కు 4 స్పందనములు, అనగా 2 మైక్రోసెకన్లు పట్టును. జెడ్-80కి 13 స్పందనములు, అనగా సుమారు 3.7 మైక్రోసెకన్లు పట్టును. తక్కువ గడియారము గల 6502 ఇచట గెలిచినది.

రెండు పదునారు బిట్ల సంఖ్యలను కూడుట రెండవ పరీక్ష. సంఖ్యలు ముందే రిజిస్టర్లలోనున్నచో జెడ్-80 ఒకే ఆజ్ఞతో, 11 స్పందనములలో, సుమారు 3.1 మైక్రోసెకన్లకు ముగించును. ఎనిమిది బిట్ల కూడిక మాత్రమే తెలిసిన 6502 ఆ పనిని రెండు విడతలుగా చేయవలెను. అందుకు 7 ఆజ్ఞలు, 20 స్పందనములు, 10 మైక్రోసెకన్లు కావలెను. ఇచట జెడ్-80 మూడు రెట్లకు మించి వేగమైనది. అయితే ఆ సంఖ్యలు మెమరీలోనుండి, ఫలితమును కూడ మెమరీలోనే దాచవలసివచ్చినచో లెక్క తలక్రిందులగును. వానిని తెచ్చి, కూడి, దాచుటకు జెడ్-80కి మొత్తము 63 స్పందనములు, అనగా 18 మైక్రోసెకన్లు పట్టును. 6502 చెప్పిన 10 మైక్రోసెకన్లలో సంఖ్యలను మెమరీ మొదటి 256 స్థానములనుండి తెచ్చుట, దాచుట కూడ చేరియేయున్నవి.

మూడవ పరీక్ష, ఒక చోటనున్న బైట్లను వరుసగా మరియొక చోటికి మార్చుట. దీనికొరకు జెడ్-80లో ప్రత్యేకమైన ఆజ్ఞ కలదు. బైటుకు 21 స్పందనములు, అనగా 6 మైక్రోసెకన్లు. 6502 నాలుగు ఆజ్ఞల చుట్టును మరల మరల తిరుగవలెను. బైటుకు 14 స్పందనములు, అనగా 7 మైక్రోసెకన్లు. రెండును ఇంచుమించు సమానమే.

కూడిక ఒక్కటే, చిప్పులు అవియే, గడియారములు అవియే. సంఖ్యలు ఎచట ఉన్నవన్న ఒక్క విషయము మారగానే గెలుపోటములు తారుమారైనవి. కావున ఒక ప్రాసెసరు మరియొకదానికంటె ఇన్ని రెట్లు వేగమైనదని చెప్పు వాక్యము, ఏ పనిలోనో చెప్పనంతవరకు, అసంపూర్ణ వాక్యము.

ధర వేరు, విలువ వేరు

ధర విషయమునను ఇట్టి చిక్కే కలదు. 1982లో స్పెక్ట్రమ్ వెల, 16 కిలోబైట్ల మెమరీ గలదానికి 125 పౌండ్లు, 48 కిలోబైట్ల దానికి 175 పౌండ్లు. 32 కిలోబైట్ల బీబీసీ మైక్రో వెల 399 పౌండ్లు. చౌకయైన చిప్పుగా పుట్టిన 6502 ఖరీదైన యంత్రములోనుండుట వింతగా తోచవచ్చును. యంత్రపు వెలలో ప్రాసెసరు వెల కొద్ది భాగమే. 2 మెగాహెర్ట్జ్ 6502కును, తెరపై బొమ్మను నిలుపు భాగమునకును వంతులవారీగా సమాచారమందించుటకు బీబీసీ మైక్రోలో వేగవంతమైన మెమరీ చిప్పులు అమర్పవలసివచ్చెను; అవి వెలగలవి. గట్టి కీబోర్డు, ముద్రణయంత్రమును డిస్కులను తగిలించు ద్వారములు, ఉష్ణోగ్రత, వెలుతురు వంటి మారు రాశులను కొలుచుటకు నాలుగు ప్రవేశమార్గములు అందుండెను. స్పెక్ట్రమ్‌లో రబ్బరు మీటలు. అదనపు ద్వారములు బహు స్వల్పము. ఇంటిలో ఒక పిల్లవాడు నేర్చుకొనుటకు స్పెక్ట్రమ్ రూపాయికి తగిన యంత్రము. అదే యంత్రమును నలుబదిమంది విద్యార్థులు రోజంతయు వంతులవారీగా మీటలు నొక్కు ప్రయోగశాలలో పెట్టినచో లెక్క మారును.

భారతదేశపు పాఠశాలలలో ఈ లెక్క 1984లో అవసరమయ్యెను. పాఠశాలలలో కంప్యూటరు పరిచయము కొరకు కేంద్ర ప్రభుత్వము 1984-85లో 'క్లాస్' అను పథకమును ఆరంభించెను. మొదటి దశలో దేశమందలి సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు అందజేయబడెను. అప్పటికి ఆ యంత్రము కొరకు ఇంగ్లండు పాఠశాలలలో విద్యావిషయకమైన ప్రోగ్రాములు ఎన్నో తయారైయుండెను. ప్రయోగశాలలోని కొలతలను నేరుగా కంప్యూటరుకు అందించుట దానితో సులభము. ఇవి మెగాహెర్ట్జ్‌లలో కనిపింపని విలువలు. అయితే ఆ ప్రోగ్రాములు ఇంగ్లీషులో, ఆ దేశపు పాఠములననుసరించి ఉండెను. తెలుగు మాధ్యమమున చదువు విద్యార్థికి యంత్రపు విలువ అంతమేరకు తగ్గును. యంత్రము ఒక్కటియే అయినను, వాడువారిని బట్టి దాని విలువ మారును.

ప్రోగ్రాముల బలమెంతటిదో మరియొక ఉదాహరణము తెలుపును. గ్యారీ కిల్డాల్ 8080 కొరకు రూపొందించిన సీపీ/ఎమ్ అను నిర్వహణ వ్యవస్థ 1970ల చివర కార్యాలయములలో వ్యాపించెను. ఉత్తరములు వ్రాయుటకు ఉపకరించు వర్డ్‌స్టార్ వంటి ప్రోగ్రాములు దానిపైననే నడచినవి. జెడ్-80 గల యంత్రములు వీనిని యథాతథముగా నడపగలిగెను. 6502 యంత్రములకు ఆ భాగ్యము లేదు. కావున 1980లో మైక్రోసాఫ్ట్ సంస్థ, 6502తో నడచు యాపిల్-2 కంప్యూటరులో తగిలించుటకు, జెడ్-80 గల ఒక పలకను అమ్మెను. బీబీసీ మైక్రోకు కూడ 1984లో జెడ్-80 తోడు ప్రాసెసరు వచ్చెను. ఏది గొప్పదని జనులు వాదించుచుండగా, పని అవసరమైనవారు రెంటిని ఒకే యంత్రమునకు తగిలించి పని నెరవేర్చుకొనిరి.

ఈ రెండు చిప్పులును తమ రూపకర్తలు ఊహింపనంత కాలము జీవించెను. విడి జెడ్-80 చిప్పుల తయారీకి స్వస్తి చెప్పుచున్నట్లు జైలాగ్ సంస్థ 2024 ఏప్రిలులో ప్రకటించెను. అది పుట్టి అప్పటికి 48 సంవత్సరములు. 6502 రూపకర్తలలో ఒకరైన బిల్ మెన్ష్ స్థాపించిన సంస్థ ద్వారా ఆ వంశపు చిప్పులు నేటికిని లభించుచున్నవి. వీనికంటె వేలరెట్లు శక్తిగల ప్రాసెసర్లు వచ్చిన తరువాతను ఇవి నిలుచుటకు కారణము స్పష్టమే. ఇంతకుమించిన శక్తి అక్కరలేని పనులు లోకములో అసంఖ్యాకములు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును మాటలతో గాక ప్రయోగముతో బోధింపవచ్చును. రెండు వేర్వేరు కంప్యూటర్లను తీసికొని, వానిపై ఒకే భాషలో ఒకే ప్రోగ్రామును నడుపవలెను. ఒకటి నుండి లక్ష వరకు గల ప్రధాన సంఖ్యలను లెక్కించుట మొదటి పని. ఒక పెద్ద ఫైలును ఒక చోటనుండి వేరొక చోటికి నకలు తీయుట రెండవ పని. ప్రతి పనిని ఐదేసి సారులు చేసి, పట్టిన సెకన్ల సగటును వ్రాసికొనవలెను. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పరాదు; యంత్రములో జరుగు ఇతర పనుల వలన కాలము మారుచుండును. తరువాత గంటకు ఎన్ని సారులు ఆ పని జరుగునో లెక్కించి, ఆ సంఖ్యను యంత్రపు మొత్తము వెలతో భాగింపవలెను. వెలలో కరెంటు ఖర్చును, మరమ్మతు ఖర్చును కూడ చేర్చినచో లెక్క మరింత నిక్కమగును.

రెండు పనులకును వచ్చిన వరుస ఒక్కటే కాకపోవచ్చును. ఒక కంప్యూటరు మొదటి పనిలోను, రెండవది రెండవ పనిలోను ముందు నిలువవచ్చును. అట్టి ఫలితము వచ్చినపుడు విద్యార్థులు ప్రయోగము చెడినదని భావింపరాదు. వెలపట్టికలోని ఒక్క సంఖ్య చెప్పజాలని సత్యమును వారి ప్రయోగము చెప్పినది. పని ఏదో ముందుగా నిర్ణయించి, దానినే కొలిచి, ఆ తరువాత ధరను చూచు అలవాటు విద్యార్థికి పాఠశాలలోనే అబ్బినచో, పెద్దవాడైన పిమ్మట కంప్యూటరునే గాక పంపుసెట్టును, ట్రాక్టరును కొనునపుడు కూడ అది అక్కరకు వచ్చును.